నూనె చుక్క పడని బల్ల

బన్సీలాల్‌పేట్, సికింద్రాబాద్
8 ఫిబ్రవరి 2004, ఆదివారం

అత్తయ్యా,

ఫోన్‌లో అరిస్తే పెట్టేస్తానన్నారు, పెట్టేశారు. కోపం ఉంటే రాసి పంపు, చదివేటప్పుడు నా చెవులు నొప్పెట్టవు అన్నారు. సరే, రాస్తున్నాను. కాగితం చిరిగితే నా తప్పు కాదు.

గురువారం మా షెడ్డులో కారు అంటుకుంది. నేరేడ్‌మెట్ నుంచి వచ్చే రిటైర్డ్ హెడ్మాస్టరు రామభద్రరావు గారి కారు. పెట్రోలు వాసన వస్తోందని తెచ్చారు. బానెట్ ఎత్తి చూస్తుండగానే జానెడు మంట లేచింది. తోటి మెకానిక్ సోమయ్య తడిగోనె తెచ్చి కప్పాడు కాబట్టి సరిపోయింది. కారుకు ఏమీ కాలేదు. నాకు ఎడమ కనుబొమ్మ సగం పోయింది. నాన్నకు టీ స్టవ్ మంట తగిలిందని చెప్పాను, అసలు సంగతి మీరు చెప్పొద్దు.

మీరు కాకినాడలో ఇరవై ఆరేళ్లుగా కెమిస్ట్రీ ల్యాబ్‌లో చేస్తున్నారు కాబట్టి మీకు అర్థమవుతుందని చెప్తున్నాను. ఇప్పటి కార్లలో కార్బురేటరు ఉండదు. ఇంజన్ మీద బొటనవేలంత లావు గొట్టం అడ్డంగా ఉంటుంది, దాన్ని రైలు అంటాం. పంపు పెట్రోలును దాంట్లోకి గట్టిగా నెడుతుంది. రైలుకు నాలుగు బొక్కలు. ఒక్కో బొక్కలో ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే ఒక్కో ఇంజెక్టరు తల దూరుతుంది. ఆ తలకు నల్ల రబ్బరు రింగు. ఆ రింగు పట్టుకుంటే పెట్రోలు లోపల ఉంటుంది, లేకపోతే కాగే ఇంజన్ మీద పడుతుంది. అంతే సంగతి.

కల్తీ పెట్రోలుకు ఇంజెక్టర్లు మూసుకుపోతే కంపెనీ సామాను బదులు బయట చేసిన సెట్టు, అంటే రైలు, ఇంజెక్టర్లు, రింగులు అన్నీ కలిపి, వేస్తాం. రాణీగంజ్‌లో తుకారాం అనే ఆయన కొట్టులో దొరుకుతుంది. నవంబరు నుంచి ఇప్పటికి పదకొండు కార్లకు నేనే బిగించాను. హెడ్మాస్టరు గారిదీ కలిపి పదకొండూ నా చేతి పని. ఎవరూ నేర్పలేదు, పాత ఇంజన్లు విప్పి నేర్చుకున్నాను.

తప్పు ఆ తుకారాందే. నకిలీ రబ్బరు. నిన్న వాడి కొట్టు ముందు నిలబడి బజారంతా వినేలా దొంగ అన్నాను. అక్కడివాళ్లు పట్టుకోకపోతే ఇంకా అనేవాణ్ణి. వాడు కళ్లద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నాడు, అది ఇంకా మండింది.

హెడ్మాస్టరు గారి కారు నుంచి తీసిన రింగు ఇందులో పెడుతున్నాను. ఇది నకిలీదని మీ ల్యాబ్‌లో తేల్చి రాయండి. ఆ కాగితం తీసుకెళ్లి వాడి మొహాన పెడతాను.

మీ మేనల్లుడు,
ఆర్థర్

●

కాకినాడ
14 ఫిబ్రవరి 2004

ఆర్థరూ, నా తండ్రీ,

దేవుడు నిన్ను కాచినందుకు స్తోత్రం చేసి ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను.

మంట అన్న మాట రెండుసార్లు చదివాను. కనుబొమ్మ సగం అన్నావు, కన్ను ఎలా ఉంది? కన్ను గురించి ఒక్క మాట రాయలేదంటే నాకేమి అర్థం కావాలి? బుధవారం స్త్రీల సమాజంలో నీ పేరు చెప్పి ప్రార్థన చేయించాను. పాస్టరమ్మ గారు కన్నీళ్లు పెట్టుకున్నారు.

పెట్రోలు ఉన్నచోట మంట ఎక్కణ్ణించి వచ్చింది? నిజం చెప్పు. సిగరెట్ కాలుస్తున్నావా? మీ తాతయ్య ఊపిరితిత్తులు ఏమయ్యాయో నీకు తెలుసు. కవరులోంచి ఒక రబ్బరు ముక్క పడింది. దేనిదో ఏమో, పెన్సిళ్ల డబ్బాలో పెట్టాను. సిగరెట్ సంగతి ముందు తేల్చు.

ఇక్కడ ప్రాక్టికల్ పరీక్షలు. పిల్లలు ఈ వారంలో నాలుగు బ్యూరెట్లు పగలగొట్టారు. ఒక్కత్తీ తను పగలగొట్టానని ఒప్పుకోదు, గాజే మంచిది కాదంటుంది.

కన్ను గురించి వెంటనే రాయి.

నీ అత్త,
జ్ఞానమణి

●

బన్సీలాల్‌పేట్
24 ఫిబ్రవరి 2004

అత్తయ్యా,

కన్ను ఉంది. రెండూ ఉన్నాయి. సిగరెట్ తాగను. స్టార్టరు దగ్గర నిప్పురవ్వ చాలు, సిగరెట్ అక్కర్లేదు. ఆ రబ్బరు ముక్కే నేను పంపిన అసలు సంగతి. నా ఉత్తరంలో కనుబొమ్మ ఒక్కటే చదివారా?

నాన్నకు చెప్పొద్దంటే చెప్పారు. శనివారం నాన్న ఆఫీసు నుంచి నేరుగా షెడ్డుకు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో గొడుగు. మా యజమాని బ్రహ్మచారి గారి ముందు నిలబడి, "సామ్యూల్ అంటారు నన్ను. నా కొడుకును పనికి పంపాను గానీ కాల్చి పంపమనలేదు" అన్నాడు.

"సారూ, జెర కూసోండ్రి. పిలగాడు మంచిగనే ఉన్నడు గదా" అన్నారు బ్రహ్మచారి గారు.

"సగం కనుబొమ్మ ఏదీ?"

సోమయ్య కారు కింద నుంచే, "మొలుస్తది సారూ. గడ్డి లెక్క మొలుస్తది. పరేషాన్ గాకుండ్రి" అన్నాడు. షెడ్డంతా నవ్వింది. నాన్న నవ్వలేదు. గొడుగు కొనతో నన్ను చూపించి ఒకటే మాట చెప్పాడు. ఈస్టర్ దాకా గడువు. ఆ లోపు నేను బిగించిన ప్రతి కారూ చుక్క కారకుండా ఉండాలి. ఉంటే ఈ పనిలో ఉండొచ్చు. లేకపోతే వాళ్ల ఆఫీసులో అటెండరు ఉద్యోగానికి ఫారం నింపాలి. ఫారం జేబులోనే ఉంది. నా పేరు కూడా రాసేశాడు, అందమైన అక్షరాలతో.

నేను ఫైళ్లు మోయను అత్తయ్యా. నాకు వచ్చింది ఈ పనే. ఇంజన్ తిరుగుతుంటే ఏ సిలిండరు కొట్టడం లేదో కళ్లు మూసుకుని చెప్తాను. ఇది పోతే నా దగ్గర ఏమీ లేదు.

కారడం మాత్రం ఆగలేదు. వాసన అంటూ ఇంకో రెండు కార్లు వచ్చాయి. బోల్టులు ఇంకా బిగించాను, ఎక్కువ కారింది. ఒక్కో తలకు రెండేసి రింగులు వేశాను, అసలు దిగనే లేదు. కొత్త రింగులు వేస్తే వారం బాగుంటుంది, తర్వాత మళ్లీ తడి. తుకారాంకు ఇంకోసారి చెప్తాను నా భాషలో.

మీరు నాన్నకు రాయకుండా ఉంటే నాకు ఈ గడువు ఉండేది కాదు.

ఆర్థర్

●

కాకినాడ
3 మార్చి 2004

కోపిష్ఠి ఆర్థర్‌కు,

మీ నాన్నకు నేను ఒక్క అక్షరం రాయలేదు. స్త్రీల సమాజంలో చెప్పాను. పాస్టరమ్మ గారి చెల్లెలు బొల్లారంలో ఉంటుంది, ఆవిడ ఆదివారం మీ గుడికి వచ్చి, బయట మా అన్నయ్యను పట్టుకుని "మీ అబ్బాయి కళ్లు పోయాయట కదా" అందట. అంటే తప్పు నాదే, కానీ నువ్వు అనుకున్న తప్పు కాదు. తప్పు ఎవరిదో తేల్చేటప్పుడు అది ఏ తప్పో కూడా తేలాలి.

ఇక నీ రబ్బరు రింగు. పెన్సిళ్ల డబ్బాలోంచి తీశాను. సగం పెట్రోలు పోసిన పరీక్షనాళికలో రెండు రోజులు నానబెట్టాను. నకిలీ రబ్బరయితే ఉబ్బాలి, మెత్తబడాలి. ఏమీ కాలేదు. తర్వాత బోటనీ వాళ్ల సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాను. ఆర్థరూ, రబ్బరు బాగుంది. కానీ ఒక పక్క చిన్న గాటు ఉంది. గోరు గిచ్చినట్టు, నెలవంక ఆకారంలో. అరిగి వచ్చింది కాదు, కాలి వచ్చింది కాదు. కోసుకుపోయింది.

అది చూడగానే నా కుడి అరచెయ్యి చూసుకున్నాను. అక్కడ మచ్చ ఉంది, చిన్నప్పుడు నువ్వు అడిగేవాడివి. నేను ఉద్యోగంలో చేరిన మొదటి నెల అది. రబ్బరు బిరడాకు బొక్క పొడిచి గాజు గొట్టం దూర్చాలి. గొట్టం పొడిగా ఉంది, బిరడా పొడిగా ఉంది. నేను బలం పెట్టాను. గొట్టం విరిగి అరచేతిలో దిగింది. అప్పటి డెమాన్‌స్ట్రేటరు గారు కట్టు కడుతూ చెప్పారు: ముందు గొట్టం అంచును మంటలో తిప్పి నున్నగా చెయ్యి, తర్వాత తడుపు, తర్వాత తిప్పుతూ తొయ్యి. అప్పటి నుంచి ఈ ల్యాబ్‌లో ఒక్క బిరడా నేను చీల్చలేదు.

నాకు కార్లు తెలియవు. రెండు ప్రశ్నలు అడుగుతాను. ఆ రైలు బొక్క అంచు వేలితో తడిమి చూశావా? రింగు దూర్చేటప్పుడు దేనితో తడుపుతావు?

అత్త

●

బన్సీలాల్‌పేట్
10 మార్చి 2004, మధ్యాహ్నం

అత్తయ్యా,

దేనితోనూ తడపం. తడపకూడదు. మా షెడ్డులో ఇంజెక్టర్లకు వేరే బల్ల ఉంది, తెల్ల గుడ్డ పరిచి ఉంటుంది. బ్రహ్మచారి గారు ముప్పై ఏళ్లు కార్బురేటర్ల మీద బతికి, యాభై ఏళ్లు దాటాక ఇంజెక్టర్లు నేర్చుకున్నారు. మసి తగిలితే ఇంజెక్టరు చచ్చిపోతుందని ఎవరో క్లాసులో చెప్పారట. అప్పటి నుంచి నియమం పెట్టారు. "గీ బల్ల మీద నూనె చుక్క కనవడ్డదంటే చెయ్యి ఇర్గగొడ్త" అంటారు. సబ్బుతో చెయ్యి కడగాలి. రింగును పెట్రోలులో కడిగి, గుడ్డతో తుడిచి, గాలికి ఆరబెట్టి, అప్పుడు దూర్చాలి. సికింద్రాబాద్‌లో ఇంత శుభ్రంగా పని చేసే షెడ్డు ఇంకోటి లేదు. ఆ షెడ్డులో అందరికంటే శుభ్రం నేను.

మీరు బిరడాల గురించి చెప్తున్నారు. ఇది ఇంజన్. తుకారాం తరఫున మాట్లాడమని మిమ్మల్ని ఎవరూ అడగలేదు. నకిలీ అని రాయమంటే నా చేతి పని తప్పని రాస్తారా? ఇంటిల్లిపాదీ ఫారం నింపడానికే ఉన్నారు.

అదే రోజు, సాయంత్రం

పోస్టు చెయ్యకుండా జేబులో పెట్టుకుని తిరిగాను. టీకి అందరూ బయటికి వెళ్లినప్పుడు డబ్బా విప్పని కొత్త రైలు తీసి బొక్క అంచు మీద వేలు తిప్పాను.

వేలు తెగింది.

ఆర్థర్

●

కాకినాడ
16 మార్చి 2004

ఆర్థరూ,

వేలు తెగింది అని రాసి కింద సంతకం పెట్టేస్తావా? ఎంత తెగింది? ఏ వేలు? ఉందా? టీటీ సూది వేయించుకున్నావా? పోస్ట్‌మన్ ముందే ఏడ్చాను. అతను మంచినీళ్లు ఇచ్చాడు. ఈసారి స్త్రీల సమాజంలో చెప్పలేదు, నోరు కుట్టేసుకున్నాను.

తిట్లు చదివాను. ఇలాంటివి ఫోన్‌లో విని ఉంటే పెట్టేసేదాన్ని, కాగితం మీద రెండోసారి చదివితే నవ్వొచ్చింది. మొదటి సగం చించెయ్యకుండా పంపావు చూడు, అందుకు సంతోషం.

తడపడానికి ఏ నూనె అని అడుగుతావు. నేను చెప్పను. మా ల్యాబ్‌లో గ్లిజరిన్ వాడతాం, అది నీ ఇంజన్‌కు పనికొస్తుందో రాదో నాకు తెలియదు. నీకు తెలుస్తుంది. వంటనూనె మాత్రం వద్దు, జిగట కడుతుంది.

మీ యజమానికి ఎలా చెప్పాలా అని నువ్వు మథనపడుతుంటావు. కాదు, మథనపడవు, వెళ్లి ఆయన మొహం మీద అంటావు. ఆగు. ఆయన నియమం తప్పని అనకు. శుభ్రం కోసం పెట్టిన నియమం అది, మనిషి మంచివాడు. ఊరికే వేలు చూపించు.

వేలు గురించి రాయి.

అత్త

●

బన్సీలాల్‌పేట్
23 మార్చి 2004

అత్తయ్యా,

చూపుడువేలు. ఉంది. గీత పడింది అంతే. సూది వేయించుకున్నాను, దాని నొప్పే ఎక్కువ.

మీరు చెప్పినట్టే చేశాను. నాకు అలవాటు లేని పని కాబట్టి సరిగా వచ్చిందో లేదో తెలియదు. బ్రహ్మచారి గారు బల్ల దగ్గర ఉండగా వెళ్లి వేలు చాపి నిలబడ్డాను.

"ఏందిరా? ఏమైంది?"

"రైలు అంచు కోసింది సార్. వేలునే కోస్తే రబ్బరును కొయ్యదా?"

రైలు తీసుకుని ఆయన వేలు తిప్పారు. ఆయన వేళ్లు మొద్దుబారినవి, తెగవు. ఆయన చొక్కా గుండీ విప్పి, జంధ్యం పక్కకు తోసి, లోపలి బనీను అంచు పట్టుకుని బొక్క మీద తిప్పారు. దారం పట్టుకుంది. మళ్లీ తిప్పారు. మళ్లీ పట్టుకుంది. చిన్న చెక్కపుల్లకు సన్నని ఎమరీ కాగితం చుట్టి నాలుగు బొక్కల అంచులూ అరగదీశారు. ఎంత ఓపిగ్గానంటే, వాళ్ల నాన్న కంసాలి పని చేసేవాడని అప్పుడు గుర్తొచ్చింది. పొడి లోపల మిగలకుండా మూడుసార్లు కడిగి గాలి కొట్టారు. ఈసారి బనీను జారిపోయింది.

"రింగు?" అన్నారు.

నేను తడపాలన్నాను. పొడి రింగు దిగేటప్పుడు మెలి తిరుగుతుంది, మెలి తిరిగినచోటే కోసుకుంటుంది అన్నాను. షెడ్డులో అందరూ పని ఆపి చూస్తున్నారు. బ్రహ్మచారి గారు ఆ తెల్లగుడ్డ బల్లను చాలాసేపు చూశారు. తర్వాత తానే వెళ్లి కొత్త ఇంజన్ ఆయిలు డబ్బా విప్పి, చిటికెన వేలు ముంచి తెచ్చి, రింగుకు రాశారు. ఒక చుక్క గుడ్డ మీద పడింది.

సోమయ్య గొణిగాడు. "సారూ, చెయ్యి ఎవల్ది ఇర్గగొట్టాలె?"

"నాదే ఇర్గగొట్టు. ఆర్థరూ, గిట్ల రా. పెట్టు."

తిప్పుతూ తోశాను అత్తయ్యా. వేలి కింద టక్కుమని కూర్చుంది. ఇన్ని నెలల్లో ఒక్కసారి కూడా అలా కూర్చోలేదు. బలం పెట్టడమే పని అనుకున్నాను నేను.

రామభద్రరావు గారి కారుకు బిగించి, ఇంజన్ వెయ్యకుండా తాళం తిప్పి పంపు ఒత్తిడి ఎక్కించి చూశాం. నాలుగుసార్లు. చుక్క లేదు. రెండు రోజులు ఎండలో తిప్పాం. చుక్క లేదు. హెడ్మాస్టరు గారు బానెట్‌లో తల పెట్టి వాసన చూసి "పాసయ్యావోయ్" అన్నారు.

తర్వాత తుకారాం దగ్గరికి వెళ్లాను. ఈ ఒక్క పని రాయాలంటే చెయ్యి రావడం లేదు. అదే బజారు, అదే టైము చూసుకుని వెళ్లాను. అప్పుడు విన్నవాళ్లే ఇప్పుడూ వినాలని. "మీరు దొంగ కాదు. రబ్బరు బాగుంది. నాకు బిగించడం రాలేదు" అన్నాను. ఆయన కళ్లద్దాలు తీశారు.

"అరె భాయ్, దొంగ అన్ననాడు గంత జోరుగ అన్నవ్. గిప్పుడు గొంతు లేదా? మల్లొక్కసారి చెప్పు, పక్క దుకాణపోడు వినలే."

మళ్లీ చెప్పాను. ఈసారి గట్టిగా. ఆయన నవ్వి టీ తెప్పించారు. రైలు అంచు చూపిస్తే తన వేలు కూడా పెట్టి చూసి, "ఇది రైలు చేసే మావోడి గల్తీ. సగం తప్పు నాది, సగం నీది. సరిపాయె" అని, కొట్టులో ఉన్న రైళ్లన్నీ అంచులు అరగదీశాకే అమ్ముతానన్నారు.

కార్లు పిలిచి పిలిచి చేస్తున్నాం. పదకొండులో పది అయ్యాయి. పదకొండోది దొరకడం లేదు. తెల్ల కారు, డిసెంబరులో వచ్చింది. రిజిస్టరులో పేరు లేదు, నంబరు లేదు, ఒక్క మాట ఉంది: బొల్లారం. రాసింది నేనే. ఆ రోజు ఎవరి మీదో కోపంగా ఉండి ఉంటాను. ఎవరి మీదో గుర్తు లేదు. ఆ కారు ఎక్కడో తిరుగుతోంది, లోపల గాటు పడిన రింగుతో. ఎండలు ముదురుతున్నాయి. రాత్రి నిద్ర పట్టడం లేదు. ఫారం గురించి కాదు.

ఆర్థర్

●

కాకినాడ
30 మార్చి 2004

ఆర్థరూ,

ఇప్పుడు నువ్వు నన్ను తిడతావు, తిట్టు. ఈసారి నిజంగానే మీ నాన్నకు రాశాను. రాయడమే కాదు, నీ ఉత్తరాలన్నీ కట్టకట్టి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. గొడుగు, అందమైన అక్షరాలు, ఇంటిల్లిపాదీ, అన్నీ ఉన్నాయి. ఏదీ కొట్టెయ్యలేదు.

ఎందుకంటే, మా అన్నయ్య ముప్పై ఏళ్లుగా బొల్లారంలో ఆఫీసుకు వెళ్లొస్తున్నాడు. అక్కడి వీధులు ఆయనకు తెలుసు. నీకు తెల్ల కారు కావాలి. మీరిద్దరూ ఒకే ఇంట్లో ఉంటూ ఒకరి సంగతి ఒకరు నన్ను అడిగి తెలుసుకుంటున్నారు. ఆయన కూడా నాకు రాస్తాడు, నీకు తెలియదు. "కనుబొమ్మ మొలుస్తోందా" అని నన్ను అడుగుతాడు. నేను కాకినాడ నుంచి ఎలా చూస్తానురా?

ఆదివారం గుడి అయ్యాక సమాజం వాళ్లచేత ఆ కారు కోసం ప్రార్థన చేయించాను. పేరు చెప్పమన్నారు. తెల్ల కారు అన్నాను. అందరూ ఆమేన్ అన్నారు.

అత్త

●

బన్సీలాల్‌పేట్
10 ఏప్రిల్ 2004, శనివారం

అత్తయ్యా,

తిట్టాలనే కూర్చున్నాను, తిట్లు అయిపోయాయి. జరిగింది రాస్తాను.

మీ కట్ట చేరిన సాయంత్రం నాన్న నా గదిలోకి వచ్చాడు. గొడుగు గురించి ఏమీ అనలేదు. "తెల్ల కారులో ఎవరొచ్చారో గుర్తు చేసుకో" అన్నాడు. ముసలాయన, నెరిసిన మీసం, మందుల వాసన. అంతే గుర్తు. ఆ మర్నాటి నుంచి ఆఫీసు అయ్యాక నాన్న స్కూటరు వెనక నేను. బొల్లారంలో ప్రతి తెల్ల కారు ముందూ ఆగడం, నాన్న వెళ్లి "వందనాలండీ, మీ కారును కాస్త వాసన చూడొచ్చా" అని అడగడం. ఒకావిడ కుక్కను వదిలింది. ఆరు రోజులు తిరిగాం. దొరకలేదు.

నిన్న గుడ్‌ఫ్రైడే. ఎప్పుడూ వెళ్లే గుడికి కాకుండా బొల్లారం గుడికి తీసుకెళ్లాడు నాన్న. ఎందుకో చెప్పలేదు. పన్నెండు నుంచి మూడు దాకా, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధన. జనం నిండి, మేం కిటికీ పక్కన కూర్చున్నాం. నాలుగో మాట మీద ప్రసంగం నడుస్తోంది. అందరూ కళ్లు మూసుకున్నారు. కిటికీలోంచి వడగాలి వచ్చింది. గాలిలో పెట్రోలు.

లేచాను. నాన్న చొక్కా పట్టుకుని లాగి కళ్లతోనే తిట్టాడు. విదిలించుకుని బయటికి పోయాను. వెనకే నాన్న వస్తున్నాడు, చెప్పులు కూడా లేకుండా.

వేపచెట్టు నీడలో తెల్ల కారు. కింద ఎనామిల్ గిన్నె పెట్టి ఉంది. గిన్నెలో పెట్రోలు, పైనుంచి చుక్క చుక్కగా.

కారు మనిషిని గుడి లోపల్నుంచి పిలిపించాం. అదే నెరిసిన మీసం. లూకా గారట, ఆస్పత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యారు. "మూణ్ణెల్లుగా కారుతోంది నాయనా. ఎక్కడ ఆపినా గిన్నె పెడతాను. నిండగానే మళ్లీ ట్యాంకులో పోస్తాను. పారబొయ్యడం ఎందుకు?" అన్నారు, ఎంతో జాగ్రత్త గల మనిషిలాగా. నాకు అరవాలో, ఆయన కాళ్లు పట్టుకోవాలో తెలియలేదు. అత్తయ్యా, మూణ్ణెల్లు ఆ గిన్నెతో తిరిగారు. భార్యను పక్కన కూర్చోబెట్టుకుని.

అరవలేదు. "మీ కారు బిగించింది నేనే అయ్యగారూ. తప్పు బిగించాను. ఇప్పుడు సరిచేస్తాను" అన్నాను.

పదకొండోది ఎక్కడ దొరుకుతుందో తెలియదని రెండు వారాలుగా నాలుగు రింగులు, నూనె సీసా, ఎమరీ చుట్టిన పుల్ల జేబులోనే పెట్టుకుని తిరుగుతున్నాను. గుడికి వేసుకున్న తెల్లచొక్కా జేబుకు నూనె మరక. స్పానర్లు స్కూటరు డిక్కీలో ఉన్నాయి. గిన్నె దూరంగా తీయించి, కారును అవతలికి నెట్టి, బ్యాటరీ విప్పి, ఇంజన్ చల్లారేదాకా కూర్చున్నాం. లోపల ఆరో మాట అయింది. నాన్న గొడుగు తెచ్చి నా తల మీద పట్టాడు.

రైలు విప్పాక నాన్న చెయ్యి చాపాడు. "ఏదీ, ఆ అంచు." వేలు పెట్టి తిప్పి, వెంటనే తీసుకున్నాడు. వేలు చూసుకున్నాడు. "జ్ఞానమణి రాసింది నిజమే" అన్నాడు.

అరగదీశాను. పక్కింటి సైకిలు పంపు తెచ్చి నాన్నే గాలి కొట్టాడు, చెమటతో ఇస్త్రీ అంతా పోయింది. రింగుకు నూనె రాసి దూర్చబోతుంటే పక్కనుంచి, "బలం పెట్టకు, తిప్పుతూ తొయ్యి" అన్నాడు, పుట్టినప్పటి నుంచి ఇదే పని చేసినవాడిలా. నాలుగూ టక్కుమని కూర్చున్నాయి.

బ్యాటరీ తగిలించాక నాన్న జేబులోంచి రుమాలు తీసి నాలుగు మడతలు పెట్టి రైలు కింద పరిచాడు. తాళం తిప్పాను, పంపు ఎక్కింది. మళ్లీ తిప్పాను. ఎన్నిసార్లు తిప్పానో లెక్క పెట్టలేదు. ఆ తర్వాత ఇంజన్ స్టార్ట్ చేసి అరగంట నడిపాం. గుడి వదిలారు, జనం చుట్టూ చేరారు. పాస్టరు గారు కూడా. ఆరాధన ఇంకా అవ్వనట్టే నిలబడ్డారు.

నాన్న రుమాలు తీసి వెలుతురుకు పట్టి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. లూకా గారికిచ్చాడు, ఆయన కూడా వాసన చూసి తల ఊపారు. ఆయన గిన్నెను ఏం చెయ్యాలని అడిగితే, "ఇంట్లో వాడుకోకండి" అన్నాడు నాన్న.

స్కూటరు మీద వస్తుంటే ఫారం సంగతి నేనే అడిగాను. తిరుమలగిరి దాటాక అన్నాడు: "అటెండరుకు రిజిస్టరు రాయడం రావాలిరా. పేరు లేదు, నంబరు లేదు, ఊరొక్కటి రాసి వదిలేసేవాణ్ణి మా ఆఫీసులో తీసుకోరు." కాసేపటికి మళ్లీ, "సోమవారం నుంచి ప్రతి బండికీ పేరూ నంబరూ చిరునామా రాయి. రిజిస్టరుకు గడుల గీతలు ఎలా కొట్టుకోవాలో నేను నేర్పిస్తాను" అన్నాడు.

రేపు ఈస్టర్. పదకొండు కార్లూ పొడిగా ఉన్నాయి. బల్ల మీద నూనె చుక్క మరకను బ్రహ్మచారి గారు ఉతకనివ్వడం లేదు.

నాన్న రుమాలు ఇందులో పెడుతున్నాను. మీ సూక్ష్మదర్శిని అక్కర్లేదు. ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. బీరువాలోని కలరా ఉండల వాసన తప్ప ఇంకేమీ రాదు.

మీ
ఆర్థర్

కనుబొమ్మ మొలిచింది. నాన్న అడిగితే చెప్పండి.